అమ్మ దుప్పటి గోడెక్కింది: ఫ్లాటు అమ్మకంలో నా అనుభవం

సెప్టెంబరు 4న మా నిజాంపేట ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిపోయింది. 2025 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పని, నాలుగున్నర నెలలు పట్టింది. అందులో రెండు నెలలు ఒకే ఒక గోడతోనూ, ఆ గోడకి తగిలించాల్సిన బొమ్మతోనూ గడిచిపోయాయి. అమ్మే ఇంట్లో పెద్ద బొమ్మ ఒకటి పెడితే ఇల్లు కళగా ఉంటుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది లిఫ్టులో పట్టదని చెప్పేవాళ్లు లేరు. వెనకున్న గోడ సంగతి అసలెవరూ ఎత్తరు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫ్లాటు 1,380 ఎస్‌ఎఫ్‌టీ, మూడు బెడ్‌రూములు, అయిదంతస్తుల్లో నాలుగోది, తూర్పు వాకిలి. నాలుగేళ్లున్న అద్దెవాళ్లు ఉగాది మర్నాడు, మార్చి 31న ఖాళీ చేశారు. వాళ్లున్నప్పుడు ఎప్పుడు వెళ్లినా హాలు ఇరుగ్గా కనిపించేది, సామాను పోతే విశాలమవుతుందనుకున్నాం. తీరా పోయాక ఇంకా చిన్నదైపోయింది! ఖాళీ గది పెద్దగా కనిపిస్తుందనుకోవడం ఉత్త భ్రమ. సోఫా ఎంత మేర పడుతుందో, మంచం ఎటు వేయాలో కంటికి అందదు. మేకుల రంధ్రాలు, టీవీ ఉన్నచోట నల్లటి చారలు, వంటింటి గట్టు మీద మసి మాత్రం బ్రహ్మాండంగా అందుతాయి.

ఏప్రిల్ 20 ఆదివారం నాడు మా ఆయన ఫోనుతో ఆరు ఫొటోలు తీసి ప్రకటన పెట్టారు. అందులో ఒకటి బాత్రూము, దాంట్లో ఒక ఎర్ర బకెట్టు. ధర 88 లక్షలు. జూన్ 10 దాకా 31 ఫోన్లొచ్చాయి, అందులో సగం బ్రోకర్లవే. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ఏడుగురు. ఒకాయన 74 ఇస్తానన్నాడు. మిగతావాళ్లు "ఇంట్లో మాట్లాడి చెప్తామండీ" అని వెళ్లినవాళ్లు వెళ్లినట్టే. ప్రతి ఆదివారం తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి, కిటికీలు తీసి, చీపురు పట్టి, ఎదురుచూసి, తలుపేసుకుని రావడం. మే నెల ఎండల్లో ఫ్యాను కూడా లేని ఇంట్లో (ఫ్యాన్లు అద్దెవాళ్లవి) ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎవరి కోసమో చూస్తుంటే, మనమే పెళ్లిచూపులకి కూర్చున్నట్టుంటుంది.

జూన్ 14న మా అక్క కూతురు పుణె నుంచి వచ్చింది. అక్కడ ఇంటీరియర్ ఆఫీసులో పని చేస్తోంది. ఫ్లాటు చూపిద్దామని తీసుకెళ్లాను. తలుపు తీయగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"పిన్నీ, తలుపు తీస్తే నా కళ్లు ఎటు పోవాలి?"

నాకర్థం కాలేదు. ఎదురుగా ఉన్న పడమటి గోడ చూపించింది. పదమూడడుగుల గోడ, దానిమీద ఏమీ లేదు. కుడివైపు స్విచ్ బోర్డు ఒకటి. "చూశావా, నీ కన్ను పోయి ఆ స్విచ్ బోర్డు మీద వాలింది. ఇంట్లోకొచ్చినవాళ్లు మొదట చూసేది అదే. ఆ గోడకి పెద్దదొకటి పెట్టు. చిన్నవి నాలుగు కాదు, ఒకటే, గోడంత. మిగతా ఇల్లు ఖాళీగా ఉన్నా పర్లేదు" అంది. ఎంత పెద్దదంటే రెండు చేతులూ బారజాపి, "ఇంకా పెద్దది" అంది.

మా బ్రోకరు అంతకుముందే ఏడు గుర్రాల బొమ్మ పెట్టమని సలహా ఇచ్చి ఉన్నాడు. హైదరాబాదులో ఏ ఇంటికి వెళ్లినా పరిగెత్తే ఏడు తెల్ల గుర్రాలుంటాయి కదా, అవి. "వాస్తు ప్రకారం మంచిదమ్మా, చూడగానే పార్టీకి పాజిటివ్‌గా ఉంటది." నేను రెండు మాటలూ కలిపేసి జూన్ 18న ఆన్‌లైన్లో ఏడు గుర్రాలే, అయిదు ముక్కల సెట్టు, ఆర్డరు పెట్టాను. 4,299 రూపాయలు. వెడల్పు 60 అంగుళాలని రాసి ఉంది. 23న వచ్చింది. విప్పి నేల మీద పరిచి చూస్తే తెలిసింది, ఆ 60 అంగుళాలు ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీతో కలిపి లెక్కట. అసలు బొమ్మ అందులో మూడొంతులు లేదు. పైగా రెండో ముక్కకీ మూడో ముక్కకీ మధ్య ఒక గుర్రం మెడ దగ్గర తెగింది. తలొకచోట, మొండెమొకచోట. మా అత్తయ్య చూసి "ఇదేం శకునమే" అన్నారు. వెనక్కి పంపుదామంటే ఈ వస్తువు తిరిగి తీసుకోబడదని చిన్న అక్షరాల్లో ఉంది. ఇప్పటికీ అటక మీదుంది.

జూన్ 26న ఆషాఢం వచ్చేసింది. బ్రోకరు ఫోన్ చేసి "ఈ నెల ఎవరూ ముందుకి రారమ్మా, ఈలోగా ఇల్లు సర్దుకోండి, శ్రావణంలో చూద్దాం" అన్నాడు. అమ్మేవాళ్లకి ఆషాఢం శాపమనుకుంటాం గానీ, ఇల్లు బాగుచేసుకోవాలంటే ఇంతకంటే మంచి నెల లేదు. ఫోన్లు రావు, తొందర ఉండదు, మేస్త్రీలు దొరుకుతారు.

28న అత్తయ్యనీ తీసుకుని మాదాపూర్ శిల్పారామానికి వెళ్లాను. అక్కడ శ్రీకాళహస్తి కలంకారీ ఒకటి, నాలుగడుగులు ఆరడుగులు, చేత్తో గీసింది, చూస్తే కాళ్లు కదల్లేదు. 28,000 చెప్పాడు. దగ్గరికి వెళ్తే పాలవాసన! గుడ్డని గేదెపాలలో, కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు, రంగు పాకిపోకుండా. కొత్తగుడ్డ అయితే ఆ వాసన కొన్నాళ్లు ఉంటుందని కొట్టతనే చెప్పాడు. తలుపులేసి ఉంచే ఖాళీ ఇంట్లో పాలవాసన ఎలా ఉంటుందో ఊహించుకుని వెనకడుగు వేశాను. ఇక అత్తయ్య తీర్పు వేరే. అది గీతోపదేశం. "కృష్ణుడైతే ఉన్నాడు, కానీ నిలబడింది యుద్ధంలోనే కదా. కురుక్షేత్రం ఇంట్లో పెట్టుకోరమ్మా." దేవుళ్ల బొమ్మ వద్దని నాకూ అనిపించింది, వేరే కారణానికి. కొనడానికి వచ్చేవాళ్లు ఎవరో, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్లో మనకి తెలీదు. వాళ్లు ఆ గోడ దగ్గర తమ ఇల్లుని ఊహించుకోవాలి.

ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, అమ్మ దుప్పటి.

మాది బందరు. పెడన పక్కనే. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు అమ్మ పెడన వెళ్లి ఒక అచ్చు కలంకారీ దుప్పటి కొనుక్కొచ్చింది, ఒంటి మంచానిది, అయిదడుగుల వెడల్పు ఏడున్నర అడుగుల పొడుగు. మధ్యలో పెద్ద చెట్టు, మెలికలు తిరిగిన కొమ్మలు, ఒక్కో కొమ్మకీ ఒక్కో రకం పువ్వు, మొదట్లో రెండు నెమళ్లు. వేసవిలో డాబా మీద పడుకునేటప్పుడు దానికోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్లం. అమ్మ పోయి ఆరేళ్లయింది. దుప్పటి నా ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉంది.

"దుప్పటి గోడకి కడతావా? ఆసుపత్రిలో పరదాలాగా?" అన్నారు మా ఆయన. మా అక్క కూతురికి ఫొటో పంపాను. ఒక్క మాటే వచ్చింది: "ఇదే."

జూలై 1న కుంకుడుకాయ రసంలో ముంచి తీసి, పిండకుండా నీడన ఆరేశాను. తడి గుడ్డ ఎత్తుతుంటే గమనించాను, నల్లటి గీతలున్న చోటల్లా నేత పలచబడి ఉంది. కొన్నిచోట్ల సన్నగా చిట్లింది కూడా. ఎరుపు, పసుపు భాగాలు గట్టిగానే ఉన్నాయి. ఆ నలుపు ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి తీస్తారు, అది ఏళ్లు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. కాబట్టి మీ ఇంట్లో పాత కలంకారీ ఉంటే, దాన్ని నేరుగా చట్రానికి లాగి కొట్టించకండి, నలుపు దగ్గర చిరుగుతుంది. వెనకాల గట్టి గాడాగుడ్డ వేయించి, చుట్టూ ఆరంగుళాల పట్టీ కుట్టించి, ఆ పట్టీకే పిన్నులు కొట్టించాలి. మా వీధి టైలరు ఆ కుట్టుపనికి 350 తీసుకుంది. గాడాగుడ్డ 420. ఇస్త్రీ బండి అతను తిరగేసి ఇస్త్రీ చేయడానికి వంద. "ఇంత పాతది కాలిస్తే నన్ను చంపుతారమ్మా" అంటూనే చేశాడు.

జూలై 5న కూకట్‌పల్లిలో ఫ్రేములు కట్టే కొట్టుకి వెళ్లాను. అద్దం వేయాలంటే ఆ సైజుకి బరువు మోయలేం అన్నాడు. నాకూ అద్దం వద్దు, ఎందుకంటే ఎదురుగా బాల్కనీ తలుపుంది, ఫొటో తీస్తే చెట్టుకి బదులు బాల్కనీ కనిపిస్తుంది. పైన్ చెక్క బద్దలు, మధ్యలో రెండు అడ్డబద్దలు, బిగింపు కూలితో కలిపి 6,800. నాలుగు రోజుల్లో ఇస్తానన్నాడు. కొలతలు రాసుకుంటూ "మీది ఎన్నో ఫ్లోరమ్మా, లిఫ్టు తలుపు ఎంత?" అని అడిగాడు. ఎంతో నాకేం తెలుసు! మర్నాడు టేపు పెట్టి చూస్తే ఆరున్నర అడుగులు. చట్రం ఏడున్నర. మెట్ల దగ్గర మలుపులో తిరగదు. కొట్టులో కట్టేసి ఉంటే కిందే ఉండిపోయేది. చివరికి బద్దలు విడివిడిగా తెచ్చి మా హాల్లోనే కట్టడానికి ఒప్పుకున్నాడు. కొనేముందు మీ లిఫ్టు కొలవండి, ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుండకపోయినా సరే.

నాలుగు రోజులు పది రోజులైంది. 13న సికింద్రాబాదు బోనాలు, కుర్రాళ్లు పనిలోకి రాలేదు. 15వ తేదీ మంగళవారం వచ్చారు.

ఇప్పుడు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ పడమటి గోడకి కింద ఎడమ మూల చెమ్మ మరక ఉండేది. చెయ్యంత. మార్చిలో అద్దెవాళ్లు బీరువా జరిపినప్పుడు బయటపడింది. బయటి గోడ అది, వానాకాలం వాన కొట్టేది అటువైపే. పెయింటరు మేస్త్రీ జూలై 10న లప్పం గీకి, చెమ్మ ఆపే ప్రైమరు కొట్టి, పైన రంగు వేశాడు. హాలంతా కలిపి 14,000. "లోపల్నించి ఇంతేనమ్మా చేయగలిగేది. అసలు పగులు బయటుంది" అని చెప్పాడు కూడా. మా ఆయనేమో "ఎలాగూ బొమ్మ వస్తోందిగా" అన్నారు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే ఒప్పుకోవడమే కదా. సరిగ్గా ఆ మూల కప్పేలా చట్రం రెండంగుళాలు ఎడమకి జరిపించింది నేనే. మా అక్క కూతురు ఇచ్చిన లెక్క ప్రకారం బొమ్మ నడిబొడ్డు నేలకి అయిదడుగుల ఎత్తులో ఉండాలి, నిలబడ్డ మనిషి చూపు వాలేచోటు. ఆ లెక్కతో అడుగు అంచు నేలకి పదిహేనంగుళాల్లో పడింది. మరక దానికి కాస్త పైన. అంతా కలిసొచ్చిందనుకున్నాను.

డ్రిల్లింగు మిషనుతో నాలుగు రంధ్రాలు పొడిచి, ఫిషర్లు దిగ్గొట్టి, గోడకి ఒక బద్ద బిగించి, చట్రాన్ని దానిమీద కూర్చోబెట్టారు. దానికి 600. పైన రెండు చిన్న ఎల్‌ఈడీ లైట్లు, బిగింపుతో 2,400. కుర్రాళ్లు వెళ్లాక లైట్లు వేసి గుమ్మం బయటికి వెళ్లి తలుపు మూసి, మళ్లీ తీశాను. అమ్మ దుప్పటి గోడంతా నిండి నిలబడి ఉంది. మంచం మీద పరిచినప్పుడు ఎప్పుడూ పక్కనుంచే చూశాం, చెట్టుని చెట్టులా నిలబెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ కొమ్మలు పైకి వెళ్తాయని కూడా నాకు అప్పుడే తెలిసినట్టు అనిపించింది. తలుపు దగ్గరే కాసేపు ఏడ్చాను. ఇల్లు అమ్మడానికి చేసిన పనికి ఏడుపేమిటో.

చెట్టు కింద ఒక పీట, పీట మీద ఇత్తడి బిందె. పక్కన మా ఇంట్లోంచి తెచ్చిన రెండు పేము కుర్చీలు. అంతే. హాల్లో ఇంకేమీ పెట్టలేదు.

19న ఉదయం పది గంటలకి ఫొటోలు తీశాం. ఈసారి మా అక్క కూతురు వీడియో కాల్‌లో కూర్చుని చెప్పింది. ఫోను అడ్డంగా పట్టుకో, ఛాతీ ఎత్తులో, మూలన నిలబడు, లైట్లన్నీ వెయ్యి. మొదటి ఫొటో చెట్టుదే, గుమ్మంలోంచి. బకెట్టు తీసేశాం. 20న కొత్త ప్రకటన. ధర 86.

శుక్రవారం 25న శ్రావణం మొదలైంది. ఆ వారాంతంలోనే అయిదుగురు వచ్చారు. తేడా నాకు స్పష్టంగా తెలిసింది. ఇంతకుముందు వచ్చినవాళ్లు గుమ్మంలోంచి నేరుగా వంటింట్లోకి, అక్కణ్ణుంచి బాత్రూములోకి, అక్కణ్ణుంచి బయటికి, ఆరేడు నిమిషాల్లో తిరుగుముఖం. ఇప్పుడు ఆగుతున్నారు. చెట్టు ముందు నిలబడి "ఇది పెయింటింగా, గుడ్డా?" అని అడుగుతున్నారు. పేము కుర్చీల్లో కూర్చుంటున్నారు. కూర్చున్న మనిషి మాట్లాడతాడు, మాట్లాడితే పిల్లల స్కూలు సంగతీ, లోను సంగతీ బయటికొస్తాయి. ఒకాయన తండ్రి మాత్రం చాలాసేపు చూసి "పక్షులు ఇంట్లోంచి బయటికి ఎగిరిపోతున్నట్టున్నాయి, లక్ష్మి నిలవదు" అన్నారు. చెట్టు మీద పక్షులున్నాయని ముప్పయ్యేళ్లలో నేను చూసుకోలేదు. వెతికితే నిజంగానే రెండున్నాయి.

27 ఆదివారం సాయంత్రం ఒక పెద్దాయన భార్యతో వచ్చారు. ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారట. అన్ని గదులూ తిరిగి, కుళాయిలు విప్పి చూసి, హాల్లోకొచ్చి బొమ్మ మెచ్చుకున్నారు. ఆవిడకి బాగా నచ్చింది, సోఫా ఎక్కడ వేయాలో కూడా అనుకుంటోంది. ఆయన మాత్రం ఫోను టార్చి వేసి, "దీని వెనకాల ఏముందమ్మా?" అన్నారు.

"గోడేనండి" అన్నాను.

వంగి, చట్రం అడుగు పట్టుకుని రెండంగుళాలు ముందుకి లాగి లోపలికి చూశారు. ఆ వారంలో చాలాసార్లు వాన పడింది. కొత్త రంగు పొక్కి, బొబ్బలెక్కి ఉంది. గాడాగుడ్డ తడిసి గోడకి అంటుకుపోయింది. ఆయన మెల్లగా వదిలేసి, చేతులు దులుపుకుని, "బొమ్మ బాగుందమ్మా, గోడ సంగతి చూసుకోండి" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆవిడ సోఫా మాట మళ్లీ ఎత్తలేదు. లిఫ్టు దిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాళ్లు వెళ్లాక నేనూ మా ఆయనా చట్రం దించాం. పద్నాలుగు కిలోలు ఉంటుంది, ఇద్దరికి కష్టమే. తిరగేసి చూస్తే గాడాగుడ్డ దాటి చెమ్మ ముందుకొచ్చింది. ఎడమ మూల, నెమలి తోక దగ్గర, అరచేయంత గోధుమరంగు మరక. వాళ్లు కొనకపోవడం కంటే ఎక్కువ బాధ పెట్టింది అది. ముప్పయ్యేళ్లు అమ్మ దాని మీద కాఫీ చుక్క పడనివ్వలేదు. నేను పన్నెండు రోజుల్లో పాడుచేశాను. మా ఆయన ఏదో అనబోయి ఊరుకున్నారు. ఇంటికొచ్చేదాకా కార్లో ఎవరం మాట్లాడుకోలేదు.

మర్నాడే అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేశాం. బయటి గోడకి పని చేయాలంటే వాళ్ల అనుమతి కావాలి, ఖర్చు మాత్రం మనదేనట. జూలై 31, ఆగస్టు 1, వాన ఆగిన రెండు రోజుల్లో ఇద్దరు కుర్రాళ్లు డాబా మీంచి తాళ్లకి వేలాడుతూ పగులు గీకి, నింపి, వాటర్‌ప్రూఫ్ కోటింగు వేశారు. 18,500. రంగు, చెట్టు, లైట్లు అన్నింటికీ మొదట ఇది చేయించి ఉంటే మేస్త్రీకి రెండోసారి డబ్బు కట్టేపని లేకపోను. ఆ మూల మళ్లీ గీకి రంగేయడానికి ఇంకో 2,500.

చట్రం వారంపైగా గోడకి ఆనించకుండా గది మధ్యలో కుర్చీలకి చేరవేసి ఆరబెట్టాం. ఆగస్టు 7వ తేదీ రాత్రి హైదరాబాదులో పెద్ద వాన పడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వరలక్ష్మీవ్రతం. పూజ ముగించుకుని, వాయనాలు కూడా ఇవ్వకుండా ఫ్లాటుకి పరిగెత్తి గోడ మీద అరచేయి పెట్టి చూశాను. పొడిగా ఉంది. అత్తయ్య ఫోన్ చేసి "అమ్మవారిని వదిలేసి గోడకి మొక్కడానికి వెళ్లావా" అన్నారు.

9న మళ్లీ తగిలించాం. ఈసారి చట్రం వెనక నాలుగు మూలలా అంగుళం మందం చెక్క ముక్కలు అతికించాం, గోడకీ గుడ్డకీ మధ్య గాలి ఆడేలా. బరువు పెరగదు, ముందునుంచి కనిపించదు. మొదటే కొట్టువాడు చేయాల్సిన పని, అడగలేదు కాబట్టి చేయలేదు. ఎండ తగలకుండా బాల్కనీకి కర్టెను వేసి, ఎవరైనా వచ్చినప్పుడే తీసేవాళ్లం. సహజమైన రంగులు ఎండకి త్వరగా వెలిసిపోతాయి.

ఆ తర్వాత వచ్చినవాళ్లకి గుమ్మంలోనే చెప్పేశాను. "ఈ గోడకి చెమ్మ ఉండేది, ఈ నెల ఒకటో తేదీన పని పూర్తయింది, బిల్లు ఇదిగో, కావాలంటే బొమ్మ దించి చూపిస్తాం." బ్రోకరు తల పట్టుకున్నాడు. "అడక్కముందే చెప్తే ఎట్లమ్మా" అని. కానీ విన్నవాళ్లలో ఒక్కరు కూడా దించమనలేదు, ఒక్క కుటుంబం తప్ప.

వాళ్లే కొన్నారు. 10న ఆదివారం భార్యాభర్తలు వచ్చారు. 12న సాయంత్రం రెండువైపులా పెద్దవాళ్లతో వచ్చారు. ఆ రోజు చట్రం దించి చూసుకున్నారు, అందరూ వంతులవారీగా గోడ తడిమారు. తర్వాత మా బ్రోకరు చెప్పిన సంగతి: వాళ్లు ఆ ఆదివారం ఆరు ఫ్లాట్లు చూశారట. ఇంటికెళ్లాక ఏది ఎక్కడుందో కలిసిపోయింది. లిఫ్టు పక్కనున్నదా, మెట్రోకి దగ్గరున్నదా అని తికమక పడుతుంటే వాళ్ల ఆరేళ్ల పాప "చెట్టు ఇల్లు" అందట. అప్పట్నుంచి వాళ్లింట్లో మా ఫ్లాటు పేరు అదే. బొమ్మ వల్ల నాకు ధర పెరిగిందని నేను అనుకోవడం లేదు. ఆరింటిలో ఒకటిగా కలిసిపోకుండా నిలబెట్టింది, నాకు తెలిసినంతవరకు దాని ఉపయోగం అంతవరకే. అదేమీ తక్కువ కాదు.

బేరం 79 దగ్గర మొదలై, 83 లక్షల 50 వేల దగ్గర ఆగింది. ఆగేముందు ఆ అమ్మాయి అడిగింది, "ఆంటీ, చెట్టు కూడా ఇచ్చేస్తారు కదా?"

నేను తడబడ్డాను. బ్రోకరు నన్ను వంటింట్లోకి పిలిచి "దుప్పటే కదమ్మా, ఇచ్చేయండి, 83.5 ఖాయం చేస్తా" అన్నాడు. మా ఆయన నావైపు చూశారు. ఆయనైనా ఇమ్మని అంటారేమో అనుకున్నాను. అనలేదు. "అది వాళ్లమ్మగారిదండీ" అని తనే హాల్లోకెళ్లి వాళ్లతో చెప్పారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను వచ్చి, చట్రం, లైట్లు ఇక్కడే వదిలేస్తానని, పెడన నుంచి అలాంటిదే కొత్తది తెప్పించి బిగించి ఇస్తానని చెప్పాను. పాప ఒప్పుకుంది. పాప ఒప్పుకున్నాక మిగతావాళ్లు ఒప్పుకున్నారు.

15న టోకెను అడ్వాన్సు, 17న అగ్రిమెంటు. వాళ్లకి లోను ముందే మంజూరై ఉంది, లేకపోతే ఇంత త్వరగా అయ్యేది కాదు. అయినా బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంటు (పాత హక్కుపత్రం) ఒకటి సరిగ్గా కనిపించలేదని వారం ఆపాడు. తారీఖులు చూస్తే గుండె దడ. 27న వినాయక చవితి. సెప్టెంబరు 5న మిలాదున్నబీ సెలవు, 6న నిమజ్జనం, 7న చంద్రగ్రహణం, 8 నుంచి పితృపక్షాలు. అవి వస్తే వాళ్లు దసరా దాకా కదలరు. మిగిలింది 4వ తేదీ గురువారం ఒక్కటే. స్లాటు మధ్యాహ్నం దొరికింది. చెక్కు అందుకుంటే అందులో 83,500 తక్కువ. టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, ఒక శాతం కొనేవాళ్లే పట్టుకుని కడతారని మాకు తెలుసు గానీ, చేతికొచ్చేసరికి గుర్తులేదు. బ్రోకరు కమీషనూ ఒక శాతమే. అదే అంకె రెండుసార్లు పోయింది.

బొమ్మకి, గోడకి అయిన ఖర్చు కూడితే, గుర్రాలతో సహా, దాదాపు యాభై వేలు. అందులో మూడొంతుల్లో రెండొంతులు గోడదే.

పెడన నుంచి మా బాబాయి కొడుకు కొత్త దుప్పటి కొని కార్గోలో పంపాడు, 1,650 అయింది. రిజిస్ట్రేషన్‌కి రెండు రోజుల ముందు ఫ్రేము కొట్టు కుర్రాడు వచ్చి పాతది విప్పి కొత్తది బిగించాడు, 500 తీసుకున్నాడు. కొత్తదాంట్లో ఎరుపు కాస్త గాఢంగా ఉంది, నెమళ్లు లేవు, పక్షులు మాత్రం నాలుగున్నాయి, అన్నీ లోపలివైపే చూస్తున్నాయి. తాళాలిచ్చిన రోజు పాప దాని ముందు నిలబడి చాలాసేపు చూసి, "నెమళ్లేవి?" అంది. కొత్త చెట్టు కదమ్మా, ఇంకా రాలేదన్నాను.

అమ్మ దుప్పటి ఇంటికి తెచ్చి మళ్లీ కుంకుడుకాయ రసంలో నానబెట్టాను. నిమ్మరసం అద్ది చూడమన్నారు ఎవరో, ధైర్యం చాలలేదు. మరక పలచబడింది, పోలేదు. చుట్టూ కుట్టిన పట్టీ అలాగే ఉంచి నా మంచం మీద పరిచాను. మరకున్న మూల గోడవైపుకి వచ్చేలా.